సాల్మన్ గారి నివేదికలో ఒక మాట

ఈ ఉదయం హీటర్ మీద ఆరబెట్టిన ఉన్ని గ్లవ్స్ నుంచి తడి వాసన వచ్చింది. మంచులో నడిచివచ్చిన విద్యార్థులతో నిండిన తరగతి గది వాసన అది. ప్రొఫెసర్ సాల్మన్ గారు గుర్తొచ్చారు. గుంటూరు నుంచి కెనడాలోని రెజైనా నగరానికి వచ్చి, యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు బోధించిన మనిషి. నేను ఆయన దగ్గర పేపర్లు దిద్దే అసిస్టెంటుగా చేరి, తర్వాత అదే పాఠం చెప్పి రిటైరయ్యాను.

ఆయన తరగతిలో ఏటా ఒక అభ్యాసం ఉండేది. విద్యార్థులు తమను మంత్రులుగా ఊహించుకుని, ఒక దేశంపై ఆంక్షలు పెట్టాలో వద్దో రాయాలి. ఒక ఏడాది ఎంచుకున్న దేశం మీద నిజంగానే ఆంక్షలు ఉన్నాయి. అవి పెట్టేముందు కెనడా ప్రభుత్వం సలహా అడిగినవారిలో సాల్మన్ గారూ ఒకరు. ఆ దేశం నుంచే వచ్చిన నాదియా తన పేపర్లో, ఆంక్షల వల్ల అక్కడ మా అమ్మకు ఇన్సులిన్ దొరకడం లేదని రాసింది. సొంత విషయం, ప్రశ్నకు సంబంధం లేదని రెండు మార్కులు తీసేశాను. 'నియమం ప్రకారం' అని ఆనాటి డైరీలో కూడా రాసుకున్నాను.

సాల్మన్ గారు ఆ పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఇదేంటయ్యా?"

"పర్సనల్ మ్యాటర్ రాస్తే కట్ చేయమన్నది మీరే కదా సార్."

"అన్నాను. నా రూల్‌ని నాకంటే బాగా ఫాలో అవుతున్నావు." కుర్చీలో కూలబడ్డారు. "మందులకు ఇబ్బంది రాదని గవర్నమెంటుకిచ్చిన రిపోర్టులో రాసింది నేనే. మందుల డబ్బు పంపుతారా, సరుకు చేరుస్తారా అని ఒక్క బ్యాంకుని, ఒక్క షిప్పింగ్ కంపెనీని కూడా అడిగి చెక్ చేసుకోలేదు."

మరుసటి తరగతిలో అందరి ముందూ అదే చెప్పారు. నాదియా లేచింది. "మాకు చెప్పారు. వాళ్ళకు కూడా చెబుతారా?"

ఆ రోజే ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. ఆయన్ను మళ్ళీ ఎవరూ సలహా అడగలేదు. టర్మ్ ముగిసేలోపే నాదియా తల్లి చనిపోయింది. ఆ అమ్మాయి తరగతికి రావడం మానేసింది. నేను తిరిగి వేసిన రెండు మార్కులు చూసుకోనేలేదు.

"వెళ్ళి సారీ చెబుదాం సార్," అన్నాను.

"మనం వెళ్తే 'ఫర్వాలేదు సార్' అనాల్సొస్తుంది ఆ పిల్ల. తల్లి పోయినదాని చేత ఆ మాట కూడా అనిపించాలా?"

వెళ్ళలేదు. ఆయన మాత్రం రిటైరయ్యేదాకా నెలనెలా ప్రభుత్వానికి ఆ ఉత్తరాన్నే మళ్ళీ పంపేవారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆదివారాలు మనవాళ్ళ ఇళ్ళలో కలిసినప్పుడు యుద్ధాల మాట వస్తుంది. "శాంక్షన్స్ గట్టిగా పెడితే దారికొస్తారు అంకుల్," అంటారెవరో.

"మందుల సంగతి ఎవరు చెక్ చేశారు బాబూ?" అంటాను.

"అంకుల్ మళ్ళీ క్లాస్ మొదలెట్టారు," అని నవ్వుతారు. నేను నవ్వకుండా, జవాబు కోసం ఆగుతాను.