జుబేదక్క నాకు చెప్పిన ట్యూషన్

వంటింటి కిటికీ మూసి ఉన్నా, ఏసీ రొదను దాటుకుని మగ్రిబ్ అజాన్ వినపడుతుంది. పొద్దుగూకిందని చెప్పే ఆ పిలుపు చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయి దాని నోరు నొక్కేస్తుంది. సౌదీలోని ఈ జుబైల్‌కు వచ్చిన కొత్తలో ఇదే వేళకు ఇదే చెయ్యి ఫోను ఎత్తి స్పీకర్ పెట్టేది. నాకీ అలవాటు నేర్పింది ఎదురు ఫ్లాట్‌లో ఉండిన జుబేదక్క. ఆవిడది ప్రొద్దుటూరు. పెళ్లయ్యాక కూడా ఊళ్లో పదేళ్లు బడిలో చెప్పి, ఇద్దరు కూతుళ్లను ఒడ్డెక్కించాక, ఇక్కడ టెక్నీషియన్‌గా ఉన్న భర్త దగ్గరికి వచ్చింది. మాట కాస్త కరుకు. మొహమాటమన్నది ఆ మనిషికి తెలియదు.

మా అభి నాలుగో తరగతిలో ఉండగా అర్ధసంవత్సర పరీక్షల్లో మూడు సబ్జెక్టులు తప్పాడు. మా ఆయన ఇక్కడ ఫిట్టర్‌గా మొదలుపెట్టి సూపర్‌వైజర్ అయ్యాక గానీ మమ్మల్ని తెచ్చుకోలేకపోయాడు. అప్పటిదాకా ఏడేళ్లు నేను జగిత్యాల దగ్గర మా ఊళ్లో, ఆయన ఇక్కడ. మాది ఫోన్లో కాపురం. ఆ రోజు మార్కుల కాగితం చూసి ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "పెద్ద పరీక్షల గూడ గిట్లనే వస్తే ఎగ్జిట్ వీసా కొట్టిచ్చి ఇద్దర్ని ఇంటికి పంపుత. ఆడనే సదువుకుంటడు" అన్నాడు మెల్లగా. మళ్లీ ఆ ఫోన్లో కాపురం నావల్ల కాదు.

నేను చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. వాడి పుస్తకాలు తెరిస్తే నాకు అక్షరాలు తెలుస్తాయి గానీ సంగతి తెలియదు. అందుకే మర్నాడు సర్వపిండి చేసి, గిన్నెలో పెట్టుకుని జుబేదక్క తలుపు తట్టాను.

"మా అభికి ట్యూషన్ చెప్తరా అక్కా?"

"చెప్పను" అంది సర్వపిండి తుంచుకుంటూ. "నాలుగు దినాలు మీ ఇంటికొచ్చి కూచుంటా. అంతే."

అన్నట్టే వచ్చింది. మగ్రిబ్ నమాజు చదువుకుని, మెంతికూర కట్టలు తెచ్చుకుని, హాల్లో చాప మీద కూర్చుని ఆకు తుంచుతూ ఉండేది. అభి పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. నేను వంటింట్లో ఉండేదాన్ని. మూడోనాడు నన్ను పిలిచి, నా ముందే వాణ్ని అడిగింది, ఇప్పటిదాకా ఏం చదివావని. వాడు పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సరే, మీ అమ్మమ్మ ఏం చెప్పింది?"

వాడి మొహం వెలిగిపోయింది. పక్కింటి బర్రె ఈనిందనీ, దూడకు నొసట తెల్లమచ్చ ఉందనీ, మా చిన్నమ్మకు అత్తగారితో మాటలు లేవనీ, మొన్నటి పెళ్లిలో పప్పు మాడిందనీ ఒక్కటి వదలకుండా అప్పజెప్పాడు.

"చూసినావా మే? మీవోడు మొద్దు గాదు. పుస్తకం పట్టుకోని మీ యమ్మ మాటలు ఇంటాండాడు."

నిజమే. ఇక్కడికంటే మా ఊరు రెండున్నర గంటలు ముందు. ఇక్కడ ఆరయ్యేసరికి అక్కడ ఎనిమిదిన్నర. అమ్మ తిని, గిన్నెలు సర్ది, తీరిగ్గా వీడియో కాల్ చేసే వేళ. నేను ఫోను వంటింటి గట్టు మీద నిలబెట్టి, స్పీకర్ పెట్టి, గంటసేపు మాట్లాడుతూ వంట చేసేదాన్ని. మధ్యమధ్య "చదువుతున్నవా లేదా?" అని హాల్లోకి ఒక కేక. అదే నేను చదివించడం.

"మగ్రిబ్ నుంచి రాత్రి ఇషా అజాన్ దాకా ఈ దేశంలో గంటన్నర. రంజాన్ నెల తప్ప ఏడాదంతా అంతే" అంది జుబేదక్క. "ఆ గంటన్నరా ఫోను లోపల పెట్టు. నువ్వు వాని పక్కన కూచో. వాని పుస్తకంలోకి తొంగి చూడాకు, నీ పని నువ్వు చేసుకో. లేసి మాత్రం పోవాకు. అయినాక, ఈ పొద్దు ఏం తెలుసుకున్యావో ఒకటి చెప్పు నాయనా అని అడుగు."

"తప్పు చెప్తే నాకు తెల్వదు గదా అక్కా?"

"తెలీకపోతే ఏమాయె? ఎట్లా అని అడుగు. చెప్తా చెప్తా వాడే దిద్దుకుంటాడు."

ఆవిడ పోయాక నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఎడారిలో నాకున్నది ఆ ఒక్క గంట. అదీ లాక్కుంటుందా అని ఏడ్చాను. కానీ తప్పు నాదే అయినప్పుడు ఎవరిమీద ఏడ్చి ఏం లాభం? అమ్మకు చెప్పాను, ఇకనుంచి నేనే పొద్దున ఐదింటికి, ఆయనకు టిఫిన్ కడుతూ చేస్తానని.

"నేను గంత అడ్డమైన్నా బిడ్డా?" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి వారం అభి నాలుగు పెన్సిళ్లు చెక్కి పారేశాడు, చెరువంత నీళ్లు తాగాడు. నేను వాడికంటే అధ్వాన్నం. బట్టలు మడతపెడుతున్నా మనసంతా లోపలి గదిలో ఉన్న ఫోను మీదే. ఒకసారి లేవబోతే జుబేదక్క నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. నెల తిరిగేసరికి, అడగకుండానే వాడు చెప్పడం మొదలుపెట్టాడు. భిన్నాలు నాకు అర్థం కాకపోతే రొట్టె తుంచి మరీ చూపించాడు.

పెద్ద పరీక్షల్లో అన్నీ పాసయ్యాడు. ర్యాంకులేమీ లేవు, లెక్కల్లో అంచు మీద గట్టెక్కాడు. మా ఆయన డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "చాయ్ పెట్టు" అన్నాడు. ఆరు నెలలుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆగలేక అమ్మకు ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకు చేసినవే? పిలగాడు సదువుకునే యాళ్ల గాదా? పొద్దుగాల చెయ్యి!"

పరీక్షలైపోయాయనీ, వాడు కింద ఆడుకుంటున్నాడనీ చెప్పేలోపే పెట్టేసింది. అది విని జుబేదక్క కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నా ట్యూషన్‌లో నువ్వు, నీ కొడుకు, మీ యమ్మ... ముగ్గురిలో ఫస్టు మీ యమ్మే!"

రెండేళ్ల కిందట ఆవిడ ప్రొద్దుటూరుకు వెళ్లిపోయింది. అభి ఇప్పుడు ఎనిమిదో తరగతి. పక్కన నువ్వుండక్కర్లేదమ్మా అని వాడే అన్నాడు. అయినా కూర్చుంటాను. ఈమధ్య మా ఆయన కూడా డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి, మాట్లాడకుండా చాప చివర కూర్చుంటున్నాడు. ఎగ్జిట్ మాట మళ్లీ ఆయన నోట రాలేదు.