మా క్లబ్బు గెలిచిన మొదటి కప్పు

ఆదోనిలో మా ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాసిపెట్టమని నన్ను అడిగారు. మొదటినుంచీ ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే, వేరే దిక్కులేక అడిగారనుకోండి. నాలుగు పేజీలు రాసిచ్చాను. అచ్చు వేశారు, శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ మొదటి కప్పు వెనక జరిగింది మాత్రం రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. అదిప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

క్లబ్బు పెట్టింది నేనే. పంతొమ్మిది వందల ముప్పైల్లో మద్రాసుకు చదువుకు పోయి, ఇంటర్ తప్పి, పెట్టెలో ఒక తోలుబంతి పెట్టుకుని ఇంటికొచ్చాను. మా నాయన పత్తి వ్యాపారి, సొంత జిన్నింగు మిల్లు ఉండేది. ఆ బంతి చూసి, అంగడి నిండా జనం ఉండగా, "సదువు ఆడ్నే పెట్టి గాలిబుడ్డ తెచ్చినావా నాయనా!" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోషం మీదనే క్లబ్బు పెట్టాను. మిల్లు వెనక పత్తి ఆరబోసే బయలులో వెదురుబొంగులు పాతి, వాటినే గోలుపోస్టులన్నాం.

మొదట్లో అందరం సావుకార్ల పిల్లలమే. పప్పూ నెయ్యీ తిని పెరిగిన ఒళ్లు కదా, పావుగంటకే ఆయాసం. రెండేళ్లపాటు ఎవరితో ఆడినా ఓడాం. బళ్లారి వాళ్లతో ఓడాం, గుంతకల్లు వాళ్లతో ఓడాం. ఎమ్మిగనూరు నేతగాళ్లతో ఓడటమైతే మాకు అలవాటే అయిపోయింది. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించే మనుషులు వాళ్లు. వాళ్ల కాళ్లకు బంతి దొరికిందంటే మళ్లీ మాకు కనబడేది కాదు.

అప్పుడు మా మిల్లు కూలీలను ఆటలోకి తీసుకున్నాం. ఆటలోకే, క్లబ్బులోకి కాదు. మీటింగులకు వాళ్లను పిలిచేవాళ్లం కాదు. ఆట అయ్యాక మేం నీళ్లు గ్లాసుల్లో తాగేవాళ్లం, వాళ్లకు దోసిట్లో పోసేవాళ్లం. అది తప్పని అప్పుడు నాకు అనిపించను కూడా లేదు, ఏం చెప్పను!

అట్లా వచ్చినవాడే మా గోల్‌కీపర్. పత్తి బేళ్లు ఎత్తే మనిషి. హొళగుంద దగ్గర ఒక మెట్ట పల్లె అతనిది. ఆ చేతుల్లో పడిన బంతి మళ్లీ జారేది కాదు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నేను అతణ్ణి "రా" అని పిలిచేవాణ్ణి. అతను నన్ను "అప్పా, మీరు" అనేవాడు.

యుద్ధం రోజుల్లో, ఒక దసరాకు ఎమ్మిగనూరు నూలు వ్యాపారి ఒకాయన వెండి కప్పు పెట్టాడు. ఎట్లాగో ఫైనల్ దాకా వచ్చాం. అష్టమి నాడు ఎమ్మిగనూరులోనే ఆ నేతగాళ్లతో ఆట. గోల్‌కీపరేమో తన పల్లెలో ఉన్నాడు. దసరాకు దేవరగట్టు కొండమీద స్వామి పల్లకి కోసం కర్రలతో కొట్లాడుకుంటారు కదా, అతని ఊరివాళ్లు దానికి తొమ్మిది రోజులు దీక్షలో ఉంటారు. చెప్పులు తొడగరు, నీసు ముట్టరు, మంచం మీద పడుకోరు. సప్తమి నాడు పొద్దున్నే బొగ్గుతో నడిచే బస్సెక్కి నేనే అతణ్ణి పిలుచుకురావడానికి పోయాను. బస్సు దిగి రెండు మైళ్లు నడిచాను.

అతను ఇంటి ముందర కర్రకు నూనె రాస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"రేపు ఆట. నువ్వు రావల్ల రా" అన్నాను.

"దీక్షలో ఉండానప్పా. తోలు ముట్టగూడదు. ఆ బంతి తోలుదే గదా."

అంతటితో ఆగకుండా అతనే అంతా విడమరిచి చెప్పాడు. స్వామి పల్లకి ముందుబొంగు మోసేది వాళ్ల ఇంటి వంతు. తాత మోశాడు, నాయన మోశాడు. నాయన ఆ ఎండాకాలమే పోయాడు. ఈ దసరాకు మొదటిసారి తన భుజం మీదికి వస్తుంది. "దీక్ష చెడితే బొంగు మా దాయాదులకిస్తారప్పా. ఒగసారి పోతే మల్ల మా ఇంటికి రాదు" అన్నాడు. లోపల వాళ్లమ్మ నాయన పాత తలగుడ్డ ఉతికి ఆరేసింది. మోసేటప్పుడు కొడుకు తలకు అదే చుట్టాలంట.

నేను వింటూనే ఉన్నాను. నా మనసులో మాత్రం కప్పే ఉంది. బంతి చేతికి తగలకపోతే సరిపాయె కదా అనుకున్నాను. కొత్త మల్లుగుడ్డ చేతులకు చుట్టి, దాని మీద బండారు, అదే స్వామి పసుపు, పూసుకుంటే? అబ్బా, నా తెలివికి నేనే మురిసిపోయాను! అదే అతనితో అన్నాను.

"అది పెద్దాయన సెప్పల్లప్పా. ఆయన సరేనంటే సరే" అన్నాడు. దీక్ష సంగతులు చూసే పెద్ద ఒకాయన ఆ ఊళ్లో ఉన్నాడు.

"నువ్వీడ్నే ఉండు. నేను పోయి అడిగొస్తా" అని బయల్దేరాను.

పెద్దాయన ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటామె, "సంతకు పోయినాడు సామీ, పొద్దుగూకినాక వస్తాడు" అంది. తిరుగు బస్సు మధ్యాహ్నానిదొక్కటే. ఆ సందులో కొంతసేపు నిలబడ్డాను. తర్వాత వెనక్కొచ్చి, తడుముకోకుండా చెప్పాను: "పెద్దాయన సరేనన్నాడు. గుడ్డ సుట్టుకుని బండారు పూసుకుంటే దోషం లేదన్నాడు."

అతను నా మొహంలోకి చూశాడు. "మీరు సెప్పినాక ఇంగేముందప్పా" అని కర్ర గోడకానించి నా వెంట నడిచాడు. నా మాట మీద ఎంత నమ్మకం అనుకున్నాను. బస్సులో ఛాతీ విరుచుకుని కూర్చున్నాను, సిగ్గులేనివాణ్ణి.

మరుసటి రోజు ఆట గురించి ఆ నాలుగు పేజీల్లో బాగానే రాశాను. నేతగాళ్లు మా గోలు మీదికి ఎన్నిసార్లు వచ్చారో లెక్కలేదు. ఆ పచ్చటి చేతులు అన్నీ ఆపాయి. ఆట చివర్లో గుడ్డలు ఊడి వేలాడుతున్నాయి. అప్పుడొచ్చిన బంతిని అతను ఉత్త చేతులతో పట్టుకుని రొమ్ముకు అదుముకున్నాడు. ఒక్క గోలుతో గెలిచాం. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. అతను పక్కన నిలబడి, గుడ్డలు విప్పి, చేతులు మట్టితో రుద్దుకుంటున్నాడు. అతని ఊరినుంచి బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు ఆ జనంలో ఉన్నారని నాకేం తెలుసు?

దశమి నాడు పొద్దున కప్పూ ఒక బుట్ట మిఠాయిలూ పట్టుకుని ఆ ఊరికి పోయాను. పోకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. కప్పు చూపించుకోవాలని నా చాపల్యం. ఆంజనేయస్వామి గుడి ముందర ఊరంతా కూర్చుని ఉంది. నడుమ అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన కూడా ఉన్నాడు.

"దీక్షలో తోలు ముట్టినావంట, నిజమేనా?"

"నిజమేనప్పా."

"ఎవరు ముట్టమన్యారు?"

"మీరు సరేనన్యారని ఈయప్ప వచ్చి సెప్పినాడు."

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. పెద్దాయన మర్యాదగానే అడిగాడు: "ఏం సావుకారీ, నన్నడిగినానని మీరు సెప్పినారా?"

ఒక్క మాట. అవును, నేను అబద్ధం చెప్పాను, ఇతని తప్పు లేదు అంటే చాలు. ఊరు నన్ను తిట్టేది, అంతే. అతని బొంగు అతనికి ఉండేది. కానీ ఆ ఊరి పత్తి మా అంగడికే వచ్చేది. మా నాయన మొహం కళ్లముందు ఆడింది. చేతిలో కప్పు ఉంది. నా నోటినుంచి ఈ మాటలొచ్చాయి: "నేనట్ల సెప్పలేదు. వస్తావా అని అడిగితిని, వచ్చినాడు. అంతే."

అతను నన్ను చూశాడు. "తప్పు నాదేలేప్పా" అని తల దించుకున్నాడు. బొంగు చిన్నాయన కొడుక్కి ఇచ్చారు. ఆడవాళ్లలో కూర్చున్న వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మిఠాయిల బుట్ట అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఛీ!

పండగ అయ్యాక సోమవారం అతను మిల్లుకొచ్చాడు. సాయంత్రం గోలులో నిలబడ్డాడు. ఇంకో నాలుగేళ్లు నిలబడ్డాడు, ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఇంకో మూడు కప్పులు గెలిచాం. తర్వాత మిల్లు మానేసి ఎమ్మిగనూరుకు వెళ్లిపోయాడు. మంచివాడు, నా మాట నమ్మి చెడ్డాడు, అయినా మనసులో పెట్టుకోలేదు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అట్లా అనుకుంటే కొంచెం నిద్రపట్టేది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు ఇక ఉండబట్టలేక ఎమ్మిగనూరుకు పోయాను. నూలుకు రంగులద్దే కొట్టంలో ఉన్నాడు. మోచేతుల దాకా నీలిరంగు. "అన్నా" అన్నాను, మొదటిసారి. "ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినాను. పెద్దాయన్ని నేను కలవనే లేదు. నా మాట నమ్మి వచ్చినావు..."

"నమ్మలేదప్పా" అన్నాడు, నూలు పిండుతూనే.

నాకు అర్థం కాలేదు.

"పెద్దాయన సంతకు పోయిండేది నాకు తెలుసు. నా ముందరే బండి కట్టినాడు. ఆయన లేకుంటే మీరే ఇడిసిపెట్టి పోతారనుకుంటిని. మీరు ఉత్తగనే తిరిగొచ్చినారని మీ మొగం సూస్తేనే తెలిసె."

"తెలిసీ ఎందుకొచ్చినావు?"

"రాకుంటే సోమారం మిల్లులోకి రానిస్తుంటిరా? అంతకు ముందేడు ఆటకు రాలేదని ఇద్దర్ని పని మాన్పిస్తిరి గదా."

మాన్పించాను. నిజమే. నేనే మా నాయనతో చెప్పి మాన్పించాను. ఆ సంగతే మరిచిపోయాను. వాళ్లిద్దరి మొహాలు ఇప్పటికీ గుర్తు రావు.

"పంచాయితీలో మీరొగ మాట సెప్తారేమో అని సూస్తిని. సెప్పకపోతిరి" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"ఇప్పుడు వచ్చి మీ ఊళ్లో అందరి ముందర చెప్తాను."

"ఎవరికి సెప్తారప్పా? పెద్దాయన పోయినాడు. మాయమ్మ పోయింది. బొంగు మా చిన్నాయన కొడుకే మోస్తాండాడు."

అతను ఇంకో చిలప నూలు తీసి రంగులో ముంచాడు.

"బస్సుకు పొద్దయితాంది. పోండప్పా" అన్నాడు.

పోయాను.