కొండల్‌ను ఎవరూ లేపలేదు

కిషన్‌బాగ్‌లో కొండల్ బర్రెల కొట్టం ఎక్కడని అడిగితే, రుక్మాబాయి గొంతు ఎటు వినపడితే అటు పొమ్మనేవారు. పాల క్యాన్ల మోత, నీళ్ల మోటారు రొద, పాలు పితికేవాళ్ల మీద ఆమె అరుపులు, వీటితోనే ఆ గల్లీకి తెల్లవారేది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె గొంతు తగ్గించింది లేదు. మొగుడు కొండల్ నిద్ర కోసం ఒక్క మధ్యాహ్నం మాత్రం తగ్గించింది.

కొండల్ కొట్టంలో పేడనీళ్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో రాడ్డు వేసి, నొప్పికి గోలీలు రాసి పంపారు. డాక్టరమ్మ రుక్మాబాయిని పక్కకు పిలిచి మరీ చెప్పింది.

"ఇవి మామూలు నొప్పి గోలీలు కావమ్మా. వీటితో కల్లు, సారా ముట్టొద్దు. నిద్ర గోలీలు కూడా వద్దు. మత్తు మీద మత్తు పడితే ఊపిరి ఆగిపోతుంది."

"నేనుండంగ సారా ఎట్ల ముడతడు మేడం? మీరు ఫికర్ చేయకుండ్రి."

మాట నిలబెట్టుకుంది కూడా. పరామర్శకు వచ్చిన దోస్తుల జేబులు తడిమినంత పని చేసింది.

వచ్చిన చిక్కల్లా కొండల్‌కు నిద్ర లేకపోవడం. జన్మంతా చీకటితో లేచి పాలు పితికినవాడు, మంచాన పడ్డా చెవి కొట్టం వైపే. "ఎవడే గట్ల గుంజుతున్నడు? పొదుగు తెంపుతడా ఏంది?" అని లోపలి నుంచే లొల్లి. పీక్కుపోయిన ఆ కళ్లను రుక్మాబాయి చూడలేకపోయేది. చివరికి మూలికల దుకాణానికి పోయి చెప్పుకుంది. దుకాణంవాడు ఒక డబ్బా చేతిలో పెట్టాడు.

"వేళ్ల పొడి అక్కా, గోలీ గాదు. పాలల్ల కలిపి ఇయ్యి. పసిపోరని లెక్క పండుకుంటడు."

గోలీ కాదన్న మాట ఆమెకు బాగా నచ్చింది. డాక్టరమ్మ వద్దన్నది గోలీలనే కదా! పైగా కలిపేది తమ ఇంటి పాలల్లో. ఆ పాలు చేటు చేస్తాయని పాలమ్ముకుని బతికే ఇల్లాలికి ఎలా తోస్తుంది?

మొదట్లో ఏదో కాస్త కునుకు పట్టేది. ఆ రోజు మధ్యాహ్నం నొప్పి ఎక్కువై, కొండల్ వేళకు ముందే రెండో గోలీ వేసుకున్నాడు. పాపం ఇవాళైనా నిండా నిద్రపోనీ అని ఆమె గ్లాసులో ఇంకో చెంచా పొడి ఎక్కువ వేసింది.

"చక్కెర జర తక్కువైంది," అని మూతి తుడుచుకుని పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది.

అది విని రుక్మాబాయి ముఖం వెలిగిపోయింది. మోటారు బంద్ చేయించింది. క్యాన్ల కింద గోనెసంచులు పరిపించింది. పాలకొచ్చిన ఎదురింటి షాహీన్ బేగం "భాయ్ కైసే హై భాభీ?" అని కొండల్ బాగోగులు అడిగితే, మూతి మీద వేలు పెట్టుకుని "సోరై, సోరై" అని, నిద్రపోతున్నాడన్నట్టు గుసగుసలాడింది.

కూతురు స్రవంతి లోపలికి తొంగిచూసి వచ్చింది. "అమ్మా, బాపు గురక ఏందో గట్ల వస్తుంది. మధ్యల ఆగుతుంది, మళ్ల గరగరమంటుంది."

"ఎన్నొద్దుల నిద్రనో అది. గట్లనే ఉంటది."

"ఒక్కసారి లేపి చూద్దమే."

"లేపినవంటె కాళ్లిరగ్గొడ్త!" అది కూడా గుసగుసగానే. అంత మెల్లగా ఆమె జన్మలో ఎవరినీ తిట్టి ఉండదు.

స్రవంతి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇంకాసేపటికి గురక కూడా ఆగింది. ఇప్పుడు పట్టింది అసలు నిద్ర, అనుకుంది రుక్మాబాయి. ఎవరూ లోపలికి పోకుండా గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

సాయంత్రం పాల వేళకు పెద్దబర్రె లచ్చి చేపలేదు. కొండల్ గొంతు వింటే తప్ప అది పాలు దించదు. మంచాన పడ్డాక కూడా అతను లోపలి నుంచి ఒక కేక వేస్తేనే దించేది. దూడను విడిచినా, పొదుగు నిమిరినా లాభం లేకపోయింది. ఇక తప్పదనుకుని ఆమె లేచి లోపలికి వెళ్లింది.

"ఏమయ్యా, లచ్చి చేపుత లేదు. ఒక్క కేకెయ్యి."

కొండల్ పలకలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పుడు లేచింది రుక్మాబాయి గొంతు. గల్లీ అంతా పరిగెత్తుకొచ్చి అతన్ని ఆటోలోకి ఎక్కించింది.

దవాఖానలో డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపైందన్నాడు. నొప్పి గోలీల చీటీ చూసి, "ఇవి కాక ఇంకేమైనా ఇచ్చారా?" అని అడిగాడు.

"ఏం ఇయ్యలె సార్. పాలే."

స్రవంతి తల్లి వైపు చూసింది.

"పాలల్ల వేళ్ల పొడి... నిద్రకు. గోలీ గాదు సార్."

"వేళ్ల పొడైనా మత్తు మత్తే కదమ్మా," అన్నాడు డాక్టరు. "గురక ఆగి ఆగి వచ్చిందా?"

స్రవంతి తలూపింది.

"అప్పుడే లేపి తీసుకురావాల్సింది. ఆ గోలీలకు విరుగుడు సూది ఉంది మా దగ్గర. ఎవరూ లేపలేదా?"

రుక్మాబాయి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇది లేపుదమన్నది సార్," అంది. "నేనే లేపనియ్యలె."