ఫోన్లో అడిగిన గ్రామర్ డౌటు

2023 వానాకాలం. హనుమకొండలో ఒక మందుల షాపు మీది అంతస్తులో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు నడుస్తుండేవి. వచ్చేవాళ్లలో చాలామంది చదువు అయిపోయి, ఉద్యోగంలో చేరాక నోరు పెగలనివాళ్లే. వాళ్ల ప్రశ్నలు ఎప్పుడూ అవే. సిన్స్ ఎక్కడ, ఫర్ ఎక్కడ? మచ్ అనాలా, మెనీ అనాలా? నా పొట్ట నిండేది ఆ డౌట్లతోనే కాబట్టి విసుక్కునేవాణ్ణి కాదు.

రజితది ములుగు దగ్గర ఊరు. ఇక్కడి ఒక ప్రైవేటు దవాఖానలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు. అక్కడ పేషెంటు పరిస్థితిని డాక్టరుకు ఇంగ్లిషులోనే చెప్పాలట. ఒకసారి తను తడబడితే డ్యూటీ డాక్టరు అందరి ముందూ నవ్వాడు. అప్పటినుంచి ఆ పిల్ల ప్రతి వాక్యాన్నీ ముందు మనసులో కట్టుకుని, తప్పు లేదని తేల్చుకున్నాకే నోరు తెరిచేది. అనుమానం వస్తే నాకు వాయిస్ మెసేజ్ పెట్టేది. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, అంటే ఉద్యోగం ఖాయం కాలేదు.

"తప్పు మాట్లాడితే తీసేస్తరేమో సార్, జర చెప్పుండ్రి" అనేది.

ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో ఫోన్ చేసింది.

"సార్, ఒక్కటే డౌటు. పేషెంటుకు పొద్దుగాల నుంచి ఆయాసం. ఇప్పుడు ఎక్కువైంది. సిన్స్ మార్నింగ్ అన్నప్పుడు ఈజ్ వస్తదా, హ్యాజ్ బీన్ వస్తదా?"

అలవాటు కొద్దీ జవాబు చెప్పబోయాను. అంతలో ఆమె వెనక నుంచి ఎవరో ఆడమనిషి అరుపు వినిపించింది. "సిస్టరమ్మా, మా ఆయనకు ఊపిరాడ్తలేదు!"

జవాబు ఆపేసి అడిగాను. "పేషెంటు యాడున్నడు రజితా?"

"నా ముందటనే సార్. ఆక్సిజన్ పెట్టిన. డాక్టర్ సార్‌కు ఫోన్ చెయ్యాలె, అందుకే..."

"గ్రామర్ గంగల కలవనీ! ఎట్లనన్న చెప్పు, తెలుగుల చెప్పు. ముందుగాల డాక్టర్‌ను పిలువు బిడ్డా!"

ఫోన్ కట్టయింది. ఆ తర్వాత క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. తిరిగి ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను. నా ఫోను ఎత్తడానికి ఆమె పేషెంటును వదిలినా ప్రమాదమే కదా. ఆ మనిషికి ఏమన్నా అయితే? ఆమె ఉద్యోగం సంగతి తర్వాత, ఆమె మనసు ఏమవుతుంది?

సాయంత్రం ఆమే చేసింది. "ఐసీయూకు మార్చిండ్రు సార్. ఇప్పుడు నయమే. మాట్లాడ్తాండు."

వెంటనే అడిగాను. "డాక్టరుకు ఏమని చెప్పినవ్?"

"యాదికి లేదు సార్. బ్రీతింగ్ ప్రాబ్లం, కమ్ ఫాస్ట్ అన్నట్టున్న. తప్పేనా సార్?"

"ఆయన ఏమన్నడు?"

"ఏమన్లేదు సార్. ఉరికొచ్చిండు."

కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ఇప్పుడు సిన్స్, ఫర్ కంటే ముందు ఈ సంగతి చెబుతున్నాను. డౌట్లు ఎన్నయినా అడగండి, తీరుస్తాను. కానీ ఎదుటి మనిషికి ఆపద వచ్చినప్పుడు మాత్రం నోటికొచ్చిన మాటే చెప్పండి. వినేవాడికి కావలసింది మీ వాక్యం కాదు, కబురు.