దుంప ఇవ్వని బావ

పోయిన నెల ఒక సోమవారం పొద్దున రాయవేలూరు నుంచి మనిషి వచ్చి, మా బావ పోయాడని చెప్పాడు. బావ అంటే మా అక్క భర్త. అక్కడి బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పేవాడు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ఇక మా ఊరు గుడియాత్తంలో ఎవరూ నన్ను "మీ బావనొక మాట అడిగి చెప్పప్పా" అనరు కదా అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మాది మూడు తరాల నాటువైద్యం. బావకు మందు నూరే కల్వం పట్టడం కూడా రాదు. అయినా మా అమ్మకు ఆయన మాటే మాట. ఆయన వస్తే సంకటి మీద నెయ్యి పడేది. నాకు మజ్జిగ.

ఒక సెలవుల్లో మా ఇంట్లోనే కార్తిగపూల దుంప నానిన నీళ్ళలో ఉల్లిగడ్డ వేళ్ళు వదిలి చూశాడు. ఆ దుంప విషం. మేము గడ్డల మీద పైపూతకే వాడతాం. మామూలు నీళ్ళలో వేళ్ళు జానెడు పెరిగాయి. దుంప నీళ్ళలోవి కొన ఉబ్బి ఆగిపోయాయి. ఆ కొనను బడికి తీసుకుపోయి సూక్ష్మదర్శినిలో చూపించాడు.

"చూడప్పా, ఈ కణం రెండుగా చీలేదానికి మొదలుపెట్టినాది, సగంలో నిలిచిపోయినాది. రాచపుండంటే ఏంది? నిలవకుండా చీలతా పోయే కణాలే గదా."

మా తాతల దుంప. దాని లోపలి సంగతి ఆయనకు కనిపించిందని నాకు కడుపు మండింది.

మరుసటి ఏడు అమ్మ రొమ్ములో గడ్డ లేచింది. కోసి తీసే దశ దాటిందని ఆసుపత్రిలో అన్నారు. నేను బావ దగ్గరికి పరుగెత్తాను.

"ఆ దుంప లోపలికి ఎంత ఇయ్యాల? చెప్పు బావా."

ఆయన కళ్ళద్దాలు పంచె కొంగుతో తుడుచుకున్నాడు. ఏం చెప్పాలన్నా ముందు అదే పని. "నాకు తెలీదు నాయనా. అది గడ్డనొక్కదాన్నే నిలపదు. పేగులో, నెత్తురులో చీలతా ఉండే మంచి కణాల్నీ నిలిపేస్తాది. అత్త గడ్డ కంటే ముందు మందుతోనే పోతాది."

పేరు నాకొస్తుందని దాస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి నేనే నూరాను. గిన్నె అందిస్తే అమ్మ అడిగింది. "మీ బావ సరే అన్నాడా?"

అబద్ధం ఆడలేకపోయాను.

"అయితే వద్దప్పా. పారబోసి చెయ్యి కడుక్కో."

కన్నకొడుకు చేతి మందు తాగలేదు. పెరట్లో పారబోసిన చోట నాకిన మా మేక రెండు రోజులు పారుకుని చచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ మేకను చూశాక కూడా బావ మీద నా మంట ఆరలేదు.

ఆయన ప్రతి శనివారం రైల్లో వచ్చాడు. మందేమీ తేలేదు. విసనకర్ర పట్టుకుని "నొప్పి యాడుండాదత్తా?" అని అడిగేవాడు, అమ్మ చెప్పినంతసేపూ వినేవాడు. నేను మందుల పేర్లు చెబితే అమ్మ కళ్ళు మూసుకునేది. చివరి వారం "శనివారం ఎప్పుడప్పా?" అని నన్నే అడిగింది. శుక్రవారం పోయింది.

బావ పోయిన పదోనాడు, ఆంబూరు నుంచి ఒకామె వచ్చి అక్కావాళ్ళ అరుగు మీద కూర్చుంది. మెడ కింద గడ్డ. "అయివారు ఉండారా?" అంది. అక్క లోపలికి పోయింది. ఇప్పుడూ ఆయన కోసమే వస్తున్నారు అనుకుంటూ నేను బయటికొచ్చాను. నా చెయ్యి సంచిలోని పూత డబ్బీ మీదికి పోయింది. తీయలేదు.

"అయివారు పోయినారమ్మా. నేను ఆయన బావమర్దిని, వైద్యుణ్ణి. దీనికి మందు నాకు తెలీదు."

ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఆమె లేచి పోతుందనుకున్నాను. తన మూట పక్కకు జరిపి, అరుగు మీద నాకు చోటిచ్చింది.