ల్యాప్‌టాప్‌కి నుదురెక్కడ

ఉదయం తొమ్మిదీ నలభైకి ల్యాప్‌టాప్ మూత తెరిచాను. మామూలు పనే, కానీ దాదాపు ఏడాదిగా నేను ఆ పని చేయలేదు. మర్నాడు నా భార్య సంవత్సరీకం. గోడకు తగిలించే ఫొటోకి ఫ్రేము కట్టించాలి. ఆ ఫొటో ల్యాప్‌టాప్‌లో ఉంది.

కిందటేడు పెద్దకర్మకు మా బావమరిది ఫ్లెక్సీ వేయించాడు. హడావిడిలో చేతికి దొరికిన ఫొటో ఇచ్చాడు. అది ఏదో కార్డు కోసం తీయించుకున్నది. అందులో ఆమె ఎదుటివాడు చెప్పేది ఒక్క ముక్కా నమ్మని మనిషిలా ఉంటుంది. నరసరావుపేటలో మా వీధి మొదట్లో ఆ ఫ్లెక్సీ వానాకాలం దాకా వేలాడింది. పాల పాకెట్ కోసం వెళ్లినప్పుడల్లా ఆమె నన్ను అనుమానంగా చూసేది. నేను పాల పాకెట్ చూపించి వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు బావమరిది అదే ఫొటోకి ఫ్రేము కట్టిస్తానన్నాడు. నా దగ్గర వేరేది ఉందన్నాను. "అయితే మధ్యాహ్నం రెండింటికల్లా ఫ్రేముల కొట్టుకి పంపించండి బావా. సాయంత్రం అతను రాజుపాలెం పోతాడంట. రాకపోతే నేను ఇదే ఇచ్చేస్తా" అన్నాడు. అతని తొందర నాకు అర్థమైంది. నా తొందర అతనికి అర్థమైందో లేదో తెలియదు. గోడకెక్కిన ఫొటోను ఎవరూ దించరు. ఆ చూపు కింద కూర్చుని మిగిలిన రోజులన్నీ నేను అన్నం తినాలి.

నేను అనుకున్న ఫొటో రొంపిచెర్లలో ఒక పెళ్లిలో తీసింది. నవ్వమని ఫొటోగ్రాఫర్ చెప్పగానే నేను పరేడ్‌లో నిలబడ్డట్టు బిగుసుకుపోయాను. అది చూసి ఆమె నవ్వింది. అంతే. దాని చిన్న నకలు ఒకటి ఫోన్‌లో ఉంది గానీ, పెద్దది చేస్తే మొహం గళ్లు గళ్లుగా విడిపోతుందని ఫ్రేముల అతను ముందే చెప్పాడు.

మూత తెరిచి, మీట నొక్కి, కూర్చున్నాను. తెర చీకటిగా ఉంది. పూర్తి నలుపు కాదు. లోపల ఏదో ఉన్నట్టు తెలుస్తోంది, ఏముందో తెలియడం లేదు.

ఇందులో నాకు కొత్తేమీ లేదు. ఆమె ఉన్నప్పుడే, దసరా అయిన దగ్గర్నుంచే అది అలా ఉండేది. అప్పుడు ఆమెతో చెబితే, "ల్యాప్‌టాప్‌కేం కాలేదు. మీకు శుక్లాలొచ్చి ఉంటాయి. చిన్నక్షరాలు చదివీ చదివీ కళ్లు పాడు చేసుకున్నారు" అంది. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. శుక్లాల్లేవని ఆయన అద్దాలు మార్చాడు. కొత్త అద్దాల్లోంచి కూడా తెర చీకటిగానే ఉంది. డాక్టరుకేమీ తెలియదని ఆమె తేల్చేసింది. తర్వాత కొద్ది రోజులకే, కార్తీకంలో, ఆమె పోయింది. నేను ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టేశాను.

మనిషి పోతే లోకమంతా చీకటిగా కనపడుతుందని చాలా పుస్తకాల్లో చదివాను. నా విషయంలో అలా జరగలేదు. ఎండ ఎండలాగే ఉంది. ఎదురింటి గోడకు కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు కళ్లు పొడుస్తూనే ఉంది. ల్యాప్‌టాప్ ఒక్కటే చీకటిగా కనిపించింది. అందుకని ఇది దుఃఖం కాదు, కళ్లేనని అనుకున్నాను.

మా బావమరిది కూతురు, నాకు కోడలి వరస, ముందురోజే హైదరాబాద్ నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తుంది. కాఫీ తెచ్చి పక్కన పెడుతూ తెర వైపు చూసి, "ఏంది మావయ్యా ఇంత చీకటిగా ఉంది?" అంది.

"నీకు కూడానా?"

"నాకు కూడానా అంటే?"

"నీకు కూడా చీకటిగానే కనపడతందా అని."

ఆ పిల్ల కాసేపు నన్ను ఆ ఫ్లెక్సీ చూపే చూసింది. వాళ్ల ఇంటి పోలిక. అప్పుడు నాకు అర్థమైంది, నా కళ్లు బాగానే ఉన్నాయని. ఏడాది ఆలస్యంగా ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది.

"నువ్వు బాగు చెయ్యగలవుగా?" అన్నాను.

"నాది టెస్టింగ్ మావయ్యా. బాలేదని చెప్పడం వరకే నా పని. బాగు చేసేవాళ్లు వేరే."

అయినా కూర్చుంది. వెలుగు పెంచే మీట నొక్కింది. తెర వెలిగినట్టే వెలిగి, మనసు మార్చుకున్నట్టు మళ్లీ మసకబారింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. ఆపి మళ్లీ ఆన్ చేసింది. అదే చీకటి. ఆ గొడవకి మా పక్కింటి బావ గోడ మీదుగా తొంగిచూశాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మేమీ ఇల్లు కొన్నప్పుడు నేను ఆయన్ని బావ అన్నాను, నా భార్య అన్నయ్య అంది, అది అలాగే స్థిరపడిపోయింది. సత్తెనపల్లి రోడ్డులో ఆయనకు పురుగుమందుల కొట్టు ఉంది. రోజంతా రైతులు తెచ్చిన మిరప కొమ్మలు చూసి తెగులు చెప్పే మనిషి కావడంతో, ఏది పాడైనా ఒకే రకంగా పరీక్ష చేస్తాడు. లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, ల్యాప్‌టాప్‌ని ఆ మూల నుంచి ఈ మూలకి చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"కిందటేడు దసరా నుంచి" అన్నాను.

"పైనుంచి మొదలైందా, కింద నుంచా?"

"అంతా ఒకేసారి."

"ఊ. ఇప్పటిదాకా ఏం కొట్టారు?"

"ఏం కొడతాం బాబాయ్, ఇదేమన్నా పత్తిచేనా?" అంది మా కోడలుపిల్ల.

"మందు సంగతి కాదమ్మాయ్, చేత్తో సంగతి. మా ఇంట్లో టీవీ చేత్తో కొడితేనే వచ్చేది."

"అది పాత టీవీ."

"ఇదేమన్నా కొత్తదా?"

ఆ పిల్ల లోపలి అక్షరాలు కనపడతాయేమోనని ఫోన్‌లో టార్చి వేసి తెర మీదకి పట్టుకుంది. కింద నుంచి పైకి నెమ్మదిగా పోనిచ్చింది. టార్చి తెర పై అంచుకు చేరిన క్షణంలోనే మా బావ ల్యాప్‌టాప్ అడుగున అరచేత్తో ఒక్కటిచ్చాడు. తెర వెలిగింది.

"చూశావా" అన్నాడు బావ.

ఆ పిల్ల ఆశ్చర్యంలో టార్చి దించింది. తెర ఆరిపోయింది. బావ మళ్లీ కొట్టాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. కాఫీ ఒలికింది.

"ఇందాక తగిలిన చోట తగల్లా" అన్నాడు. ఆ చోటు కోసం అడుగుభాగమంతా వెతికాడు. దండెం మీద దుప్పటి దులిపినట్టు దులిపాడు. నేను కాఫీ గ్లాసు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. నాకు అప్పగించిన పని అదొక్కటే.

కొట్టడం వల్ల కాదని తేలాక, లో వోల్టేజి అన్నాడు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ వేర్వేరు కరెంటు స్తంభాల నుంచి లైను వస్తుంది. ఆ తేడాని ఆయన ఎప్పుడూ గర్వంగా చెప్పుకుంటాడు. ల్యాప్‌టాప్‌ని తెరిచినట్టే రెండు చేతుల మీద పెట్టుకుని, పసిపిల్లను తీసుకెళ్లినట్టు మా వాకిట్లోంచి బయల్దేరాడు. ఎండలోకి రాగానే తెరలో కాస్త కళ వచ్చింది.

"అదిగో. మీ గడప దాటిందో లేదో తేరుకుంది. మీ ఇంట్లో వోల్టేజి లేదు బావా."

"వైరే తగిలించలేదు బాబాయ్. అది బ్యాటరీ మీద నడుస్తంది."

బావ ఆగాడు. వైరు కోసం వెనక్కి చూశాడు. లేదు. అయినా ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక ఇంకో నాలుగడుగులు వేసి, వాళ్ల వసారాలోకి వెళ్లాడు. అక్కడ నీడ. తెర మళ్లీ పడుకుంది. "మా లైను కూడా పాడైనట్టుంది" అంటూ తిరిగొచ్చాడు.

ఎండలో వెలుగు వస్తోంది గానీ, ఎండ కొట్టడం వల్ల ఏమీ కనపడదు. నీడలో కనపడాలి గానీ, అక్కడ వెలుగు పోతోంది. సినిమా హాల్లో చీకటి ఉంటేనే కదా బొమ్మ కనపడేదని నేనే ఒక ఆలోచన చెప్పాను. మంచం మీది దుప్పటి తెచ్చి ముగ్గురం నెత్తిన కప్పుకుని, ల్యాప్‌టాప్‌ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అప్పటిదాకా కొంచెమన్నా ఉన్న వెలుగు దుప్పటి లోపలికి రాగానే పూర్తిగా పోయింది. మేం ఎంత చీకటి చేస్తే అది అంతకన్నా చీకటిగా మారింది. లోపల ఉక్క. బావ మీద నుంచి పురుగుమందు వాసన.

"ఏమన్నా కనపడతందా?" అన్నాడు బావ.

"మీ ఊపిరి వినపడతంది" అంది ఆ పిల్ల.

అదే సమయానికి మా బావమరిది ఫోన్ చేశాడు. దుప్పటి కిందే ఎత్తాను.

"బావా, కొట్టు దగ్గరే ఉన్నా. పంపించారా?"

"వెతుకుతున్నా."

"గొంతేంది అట్టా ఉంది? ఎక్కడున్నారు?"

"దుప్పట్లో."

"సరేలే బావా, పడుకోండి. నేను ఆ కార్డు ఫొటో ఇచ్చేస్తా" అన్నాడు, చాలా మెత్తగా.

"ఇవ్వొద్దు. రెండింటి దాకా అన్నావుగా" అని పెట్టేశాను. అప్పటికి ఒంటిగంట దాటింది.

దుప్పటి తీసేశాం. బావ మొహం తుడుచుకుంటూ, ఆఖరి మాటగా చెప్పాడు. "ఆకు మీద దుమ్ము పడితే ఏ మందూ పట్టదు. ముందు దాన్ని శుభ్రంగా తుడువు బావా." మిగతా వాటికన్నా అది బుద్ధిగల మాటలా తోచింది. గుడ్డ తడిపి, పిండి, తెర కింది నుంచి తుడుస్తూ పైకి వచ్చాను. పై అంచు మధ్యలో, కెమెరా పక్కన, చేయి ఆగిపోయింది.

అక్కడ బొట్టు ఉంది. పసుపు పూసి, దాని మీద పెట్టిన కుంకుమ. ఎండి, నల్లబడి, పెచ్చుకట్టి ఉంది.

దసరాకి ఆయుధపూజ నాడు ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకీ ఆమె బొట్టు పెట్టేది. ఫ్రిజ్, మిక్సీ, నీళ్ల మోటారు, గ్యాస్ పొయ్యి, నా స్కూటరు. బావ కొట్లోని మందు కొట్టే పంపులక్కూడా ఆమే వెళ్లి పెట్టేది. అందరూ ల్యాప్‌టాప్‌కి మూత మీద పెడతారు. ఆమె ఒప్పుకోలేదు. "మనిషికి వీపు మీద పెడతామా బొట్టు? మొహం ఉంది కదా దానికి" అని, మూత తెరిచి, రెండు వైపులా చూసుకుని, నుదురు ఎక్కడుంటుందో లెక్కగట్టి, సరిగ్గా మధ్యలో పెట్టింది. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

ఈ ఏడు దసరా మాకు లేదు. మిగతా వాటి మీది బొట్లు తడికీ తుడుపుకీ ఎప్పుడో పోయాయి.

"ఆగు మావయ్యా" అంది మా కోడలుపిల్ల. టార్చి తీసి ఆ బొట్టు మీదకి దగ్గరగా పట్టుకుంది. తెర నెమ్మదిగా వెలిగింది. టార్చి తీసింది. ఆరింది. మళ్లీ పట్టుకుంది. నవ్వడం మొదలుపెట్టింది. "ఇక్కడ చిన్న సెన్సర్ ఉంటది. గదిలో ఎంత వెలుగుందో చూసి తెర వెలుగు అదే తగ్గించుకుంటది. అత్త దాని కంట్లో బొట్టు పెట్టింది. ఏడాది నుంచీ అది అర్ధరాత్రి అనుకుంటంది."

బావ వంగి చూశాడు. "మా చెల్లెలి బొట్టా ఇది?" అన్నాడు. మళ్లీ తేరుకుని, "అయితే ఇంకేం, తుడిచెయ్ బావా. పనైపోద్ది" అన్నాడు.

తడిగుడ్డ నా చేతిలోనే ఉంది. ఒక్క రాపిడి చాలు.

"తుడవను" అన్నాను.

"రెండవుతోంది."

"తెలుసు."

"పోనీ సగం తుడువు. సగం ఉంచు."

"సగం బొట్టు ఏంది బాబాయ్" అంది ఆ పిల్ల.

"కొత్తది పెట్టుకోవచ్చు బావా. కుంకుమ ఏమన్నా కరువా?"

గుడ్డ తీసుకెళ్లి దండెం మీద ఆరేశాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నా మొహం చూశారు గానీ, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

"దాన్ని తుడవక్కర్లేదు. దాని మాట వినొద్దని ల్యాప్‌టాప్‌కి చెబితే చాలు. సెట్టింగ్స్‌లో ఉంటది. బాబాయ్, నువ్వు టార్చి పట్టుకో. కదిలించావంటే నాకేం కనపడదు" అంది ఆ పిల్ల.

బావ హారతి పట్టినట్టు రెండు చేతులతో ఫోన్ పట్టుకుని బొట్టు ముందు నిలబడ్డాడు. ఒకసారి తుమ్మాడు, తెర ఆరింది, తిట్లు తిన్నాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఆ పిల్ల వెతికి వెతికి, వెలుగు దానంతటదే మారే ఏర్పాటు ఆపేసింది. తర్వాత మీట నొక్కింది. తెర వెలిగి అలాగే ఉండిపోయింది. బావ టార్చి ఆర్పి చూశాడు. ఉంది. అలవాటు కొద్దీ అడుగున మెల్లగా ఒకటి కొట్టి చూశాడు. అయినా ఉంది.

రొంపిచెర్ల ఫొటో దొరికింది. ఆమె నవ్వుతోంది. పక్కన నేను కర్రలా ఉన్నాను. రెండు కావడానికి కాస్త ముందు ఆ పిల్ల దాన్ని కొట్టుకి పంపించింది. బావమరిది వెంటనే ఫోన్ చేసి, "ఇది చానా బాగుంది బావా. ముందే ఇయ్యొచ్చుగా" అన్నాడు.

నన్ను కత్తిరించమని చెప్పించాను. ఫ్రేములో చూస్తే నా భుజం ముక్క ఒకటి మిగిలిపోయింది. ఎంత కత్తిరించినా అది పోలేదట, ఆమె దాని మీద ఆనుకుని ఉంది కాబట్టి. మర్నాడు దండ వేస్తే భుజం కప్పబడింది. ఫొటో అద్దం మీద ఆ పిల్ల బొట్టు పెట్టింది, రెండు వైపులా చూసుకుని, సరిగ్గా మధ్యలో. భోజనాల దగ్గర బావ వచ్చినవాళ్లందరికీ ల్యాప్‌టాప్ కథ చెప్పాడు. ఆయన చెప్పిన దాంట్లో ఆఖరి దెబ్బకే అది బాగైంది.

ఫొటో అద్దాన్ని వారానికోసారి తుడిచి కొత్త బొట్టు పెడుతున్నాను. ల్యాప్‌టాప్ రోజూ తెరుస్తున్నాను, చదువుకుంటున్నాను. వెలుగు ఎక్కువైతే చేత్తోనే తగ్గించుకుంటున్నాను. దాని తెరను మాత్రం పై అంచు దాకా తుడవడం మానేశాను.