మామ్మ కోసి దాచిన ఆఖరి అధ్యాయాలు

ఈ నెల మొదట్లో ఒకరోజు పొద్దున్నే మా పక్కింటి మామ్మ పోయింది. కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కొడుకు మా గుమ్మంలో నిలబడి, "దేవుడి పుస్తకం సదువుతానే సల్లగా ఎల్లిపోనాది" అన్నాడు.

అబద్ధం. ముందురోజు సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె చేతిలో ఉన్నది గొడ్డలి హత్యల నవల. "ఒలే, కాసేపు మాటాడకు. ఈడు కిటికీ ఎక్కుతన్నాడు" అని నన్ను కసిరింది కూడా.

ఆ అబద్ధం దగ్గరే నా కోపం మొదలైంది. ఇంకా తగ్గలేదు.

బరంపురంలో నాలాంటి పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. మా ఇంటి భాష అక్షరాలు నాకు బొమ్మల్లా కనిపించేవి. వాటిని చదవడం నేర్పింది మామ్మే. పలక పట్టించలేదు. దయ్యం నవల బిగ్గరగా చదువుతూ, పాడుబడ్డ బంగళాలో తలుపు కిర్రుమనగానే ఆపేసి, పుస్తకం నా ఒళ్లో పడేసింది.

"తలుపెనకాల ఏటుంది మామ్మా?"

"నన్నడుగుతావేటే? అచ్చరాలున్నాయి కదా, కూడబలుక్కో."

ఒక్కో అక్షరం ఆమెనే అడుగుతూ చదివితే, ఆ ఒక్క వాక్యానికి నాకు పావుగంట పట్టింది. తలుపు వెనక ఉన్నది పిల్లి. మోసపోయానని ఏడ్చాను. మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. 'నిశ్శబ్దం' అనే మాట రాయడం వచ్చిన రోజు నోట్సులో పేజీ నిండా అదే రాసుకున్నాను. అంత అందమైన మాట నాకు ఏ బడీ ఇవ్వలేదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. తను చదవడం అయ్యాక ప్రతి నవలలోనూ ఆఖరి అధ్యాయాన్ని బ్లేడుతో కోసి, పైన నవల పేరు రాసి, చీరల పెట్టెలో దాచేది. మిగతా పుస్తకమే అరువిచ్చేది. చదివినవాళ్లు వచ్చి హంతకుడెవరో చెబితేనే పెట్టె తెరుచుకునేది. చికిటి ఊరి నుంచి వచ్చే సొంత చెల్లెలికైనా అదే రూలు.

నాకు ఇచ్చిన చివరి నవల, ఒక లాడ్జిలో మనుషులు వరుసగా మాయమయ్యే కథ. ఆ చివరి సాయంత్రం నేను "మేనేజరే" అన్నాను.

"ఎందుకు?"

"చూస్తేనే దొంగలా ఉన్నాడు."

"మొకం సూసి ఉరేసెస్తావేటే? తొమ్మిదో అధ్యాయం మల్లీ సదివి రేపు రా."

రేపటికి ఆమె లేదు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర పెద్దలంతా మామ్మ భక్తి గురించే మాట్లాడారు. ఆమె దగ్గర హత్యల పుస్తకాలు పట్టుకెళ్లినవాళ్లు కూడా తలలూపారు. ఆమె కోడలు వడ్డిస్తూ ఒక్క మాట అనలేదు. నేను కొడుకు దగ్గరకెళ్లి చీరల పెట్టెలో కాగితాలు అడిగాను.

"అవా? అన్నీ సినిగిపోయిన ముక్కలే కదమ్మా. పాత కాయితాలోడికి ఏసీసినాం. పుస్తకాలైతే మన తెలుగోల్ల లైబ్రరీకి ఇచ్చీసినాం, అమ్మ పేరు మీద" అన్నాడు గర్వంగా.

లైబ్రరీలో ఆమె పేరున ఒక బీరువా. అందులో ఒక్క పుస్తకానికీ ముగింపు లేదు.

"మీ అమ్మ ఏటి సదివేదో ఒక్కరోజైనా అడిగేరా మావయ్యా?" అని అరిచాను. మా అమ్మ నా చెయ్యి గుంజింది.

"దయ్యాల కతలు సదివేదని నలుగురిలో సెప్పమంటావేటి?" అన్నాడాయన.

"సెప్పండి!"

ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. మా మామ్మ హత్యలు చదివింది, దయ్యాలు చదివింది. పుణ్యం కోసం కాదు, జ్ఞానం కోసం కాదు. పేజీ తిప్పకుండా ఉండలేక చదివింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తొమ్మిదో అధ్యాయం మళ్లీ చదివాను. హంతకుడు మేనేజరు కాదు. దుప్పట్లు మార్చడానికి వచ్చే ముసలాయన. ఎందుకో కూడా చెప్పగలను. కానీ ఎవరికి చెప్పాలి?

నిన్న మధ్యాహ్నం మామ్మ కోడలు పెరటి గోడ దగ్గర నుంచి పిలిచింది. "ఆ లాడ్జి పుస్తకం నీకాడే ఉందంట కదే?"

"ఆఖరు లేదత్తా. మీరే అమ్మేశారు."

ఆమె తల దించుకుంది. "ఆకర్లన్నీ నాకు తెలుసే. అత్త నిద్దరోతే పెట్టె తీసి సదివీసీదాన్ని. పుస్తకం అడగడానికే సిగ్గు. మొదల్లే తెలీవు."

నాకు ఒళ్లు మండింది. "మరి పెద్దకర్మ రోజు నోరు విప్పలేదేం?"

జవాబు కోసం ఆగలేదు. ముసలాయన పేరు చెప్పి, కారణాలన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "అవును, ఆడే" అంది మెల్లగా.

పుస్తకం ఇచ్చాను, కోపంగానే. ఆమె దాన్ని కొంగులో దాచుకుంటుందనుకున్నాను. దాచలేదు. ఇంటి ముందుకు నడిచి, భర్త కూర్చునే అరుగు మీద కూర్చుంది. అట్టమీది పుర్రె బొమ్మ వీధిలోకి కనబడేలా పట్టుకుని, మొదటి పేజీ తెరిచింది.